ఆ ‘ఎఫ్’ ఎవరిది?

ముప్పై ఏళ్లు మనుషుల రక్తం తీసి బతికాను. కొన్నేళ్లు వాళ్లవీ వీళ్లవీ ల్యాబుల్లో, ఆ తరవాత కాశీబుగ్గలో నా సొంత ల్యాబులో. ఉద్దానం ఊళ్లవాళ్లు నన్ను ‘రత్తం డాట్రు’ అనేవారు. నేను డాక్టర్ని కానని మొదట్లో దిద్దేవాణ్ణి, తరవాత విసుగొచ్చి మానేశాను. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది కాబట్టి సూది పక్కన పెట్టేశాను. ల్యాబు టెక్నీషియన్ కోర్సు చదువుతున్న మా తమ్ముడి కూతురు ‘పెదనాన్నా, నీ అనుభవాలు రాయవా, మాకు పనికొస్తాయి’ అంది. రాస్తున్నాను. చదివాక మీకు నచ్చకపోతే దాన్ని అడగండి.

అందరూ అడిగేది

ఈ పనిలోకి వచ్చాక మిమ్మల్ని ఎక్కువమంది అడిగేది సుగరు ఎంతని అనుకుంటారు. మా వైపు కిడ్నీ జబ్బు ఇంటింటా ఉంది కాబట్టి క్రియాటినిన్ ఎంతని అడుగుతారనుకుంటారు. రెండూ తప్పే. కడుపుతో ఉన్న పిల్ల చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే, వెనక గోడకానుకుని నిలబడ్డ అత్తగారో, ఆడపడుచో, మొగుడో గొంతు తగ్గించి అడుగుతారు: ‘బాబూ, రత్తంలో తెలిసిపోద్దంట కదా. ఏటుంది?’

ఏముంటుంది? హిమోగ్లోబిన్ ఏడుంటుంది. ఈ పిల్లకి ఒంట్లో రక్తం లేదమ్మా, ఇంత ఆకుకూర, ఇంత చేప పెట్టండని చెబితే ఎవరి చెవికీ ఎక్కదు. ‘అదలాగుంచండి బాబూ, లోపల ఏటుంది?’ ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని సామెత. మావాళ్లు అంతకంటే ఘనులు. ఆలు వచ్చింది, చూలు నిలిచింది, సోమలింగం కాకపోతే ఆ చూలు అక్కర్లేదంటారు.

నేను చెప్పబోయే కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను. మా రోజుల్లో నాలుగో నెలలో తల్లి రక్తం తీసి చేసే పరీక్ష ఒకటుండేది, ట్రిపుల్ టెస్ట్ అనేవారు. రక్తంలో మూడు పదార్థాలు కొలిచి, బిడ్డకి వెన్నులోనో మెదడులోనో లోపం ఉండే అవకాశం ఎక్కువా తక్కువా అని ఒక అంచనా చెప్పేది. అంచనా మాత్రమే, తీర్పు కాదు. బిడ్డ ఆడో మగో ఆ పరీక్షకి తెలియనే తెలియదు. స్కానింగులో కొన్ని నెలలు నిండాక కనిపిస్తుంది, ఉమ్మనీరు తీసి పరీక్షిస్తే తెలుస్తుంది, కానీ చెబితే నేరం. ఇప్పుడు తల్లి రక్తంలోంచే బిడ్డ జాడ పట్టే పరీక్షలు వచ్చాయి, వాటికి ఆ సంగతీ తెలుస్తుంది. మన దేశంలో అది కాగితం మీదికి రాకూడదని చట్టం. మన బుద్ధులు చూశాక ఆ చట్టం చేసినవాళ్లకి దండం పెట్టాలనిపిస్తుంది.

గుండూ బద్దా

సొంత ల్యాబు పెట్టకముందు ఒక స్కానింగ్ సెంటరు కింది అంతస్తులో పనిచేశాను. ఆ సెంటరు డాక్టరు పేరు రాయను, ఊరూ రాయను. రాస్తే ఆయన మనవలు తలదించుకోవాలి, వాళ్లేం పాపం చేశారు? తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు, మెడలో గొలుసు. గుమ్మం మీద నీలం రంగు బోర్డు: ‘ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు. అది చట్టరీత్యా నేరం.’ అక్షరాలు మసకబారితే మళ్లీ రంగు వేయించేవాడు. ఆ శ్రద్ధ చూసి చాలాకాలం ఆయన్ని గొప్ప మనిషనుకున్నాను. నా తెలివి అలాంటిది.

రిపోర్టులు పట్టుకుని పైకి వెళ్లినప్పుడల్లా చూసేవాణ్ణి, ఆయన బల్ల మీద స్టీలు పళ్లెంలో ఎప్పుడూ జీడిపప్పు ఉండేది. మా వైపు ఇంటికొచ్చినవాళ్ల చేతిలో నాలుగు పప్పులు పెట్టడం మామూలే కాబట్టి నాకేమీ తోచలేదు. స్కానింగ్ అయ్యాక ఆయన పళ్లెంలోంచి ఒకే ఒక్క పప్పు తీసి అత్తగారి చేతిలో పెట్టేవాడు. ‘తినండమ్మా.’ కొందరు దాన్ని కళ్లకద్దుకుని నవ్వుకుంటూ పోయేవారు. కొందరు తినకుండా చెంగున ముడేసుకుని, కోడలి మొహం చూడకుండా మెట్లు దిగేవారు. పప్పు తినడానికి ఇంత తంతేమిటా అనుకునేవాణ్ణి.

విషయం అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. పలాస పప్పు రెండు రకాలు. చెక్కుచెదరకుండా నిండుగా ఉన్నది గుండు, రెండుగా విడిపోయింది బద్ద. బజార్లో గుండుకున్న గౌరవం బద్దకి లేదు. ఆ మహానుభావుడు గుండు పెడితే మగ, బద్ద పెడితే ఆడ. నోరు విప్పలేదు, కాగితం మీద గీత గీయలేదు. పెద్ద చదువు చదివి, అంత ఖరీదైన మిషను కొని, చివరికి జీడిపప్పుతో శాస్త్రం చెప్పాడు. కంచే చేను మేయడమంటే ఇదే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. ఆయన నవ్వి ‘నేను పప్పు పెట్టానయ్యా, అది కూడా నేరమా? నువ్వూ తిను’ అని నా చేతిలో ఒక బద్ద పెట్టాడు. తిన్నాను. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాను. మానేశానని గొప్పలు చెప్పుకోవడం లేదు. అర్థమయ్యాక కూడా ఇరవై రోజులు అక్కడే కూర్చుని రక్తం తీశాను, ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఆయన్ని తిడుతున్నాను కాబట్టి నా సంగతి కూడా చెప్పడం న్యాయం.

ఎఫ్ శాస్త్రం

ఆయన తెలిసి చెప్పేవాడు. తెలియకుండా చెప్పేవాడు ఇంకా ప్రమాదం. ఉద్దానంలో ఒక ఆర్.ఎం.పి. ఉండేవాడు. మోపెడ్ మీద సంచీ తగిలించుకుని ఊళ్లు తిరిగేవాడు. ఇంజెక్షన్ చేయి మంచిది, కాదనను. ఆయనకున్న జబ్బల్లా రిపోర్టులు చదవడం.

బిడ్డ గుండె నిమిషానికి నూట నలభై దాటి కొట్టుకుంటే ఆడపిల్లట. కొట్టుకోదా మరి, ఇలాంటి ఇళ్లలో పుట్టబోతున్నందుకు! స్కానింగ్ కాగితంలో ‘ఎఫ్.ఎల్.’ అని ఒక కొలత ఉంటుంది. అది బిడ్డ తొడ ఎముక పొడవు. ఈయన దాన్ని ‘ఫిమేల్’ అని చదివేవాడు. తొడ ఎముక లేని బిడ్డ ఉండదు కదా, ఆ కొలత ప్రతి కాగితంలోనూ ఉంటుంది. ఈయన లెక్కన ఉద్దానంలో ఒక్క మగ పురుగు కూడా పుట్టకూడదు. మరి పుడుతున్నారేమిటని ఎవరైనా అడిగారా? అడగలేదు. పుట్టినప్పుడు ‘నా మందుకి మారింది’ అనేవాడు.

అయినా జనం ఆయన్నే నమ్మేవారు. వాన పడుతున్నా ఇసకదారిలో మోపెడ్ తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చేది ఆయనొక్కడే. మా చదువుకున్నవాళ్లలో ఎవడైనా అంత దూరం వెళ్లాడా? వెళ్లలేదు, నేనూ వెళ్లలేదు.

దమయంతి

తొంభైల చివరి మాట. దమయంతిది కొబ్బరితోటల మధ్య ఒక ఊరు. ఇరవై నాలుగేళ్ల పిల్ల. కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసి, గుండూ బద్దా వేరుచేసే పని చేసేది. వేళ్లకి జీడి మరకలు ఉండేవి, సూది పెట్టేముందు దూదితో ఎంత తుడిచినా పోయేవి కావు. మొదటి బిడ్డ వెన్ను తెరుచుకుని పుట్టి రెండు రోజులకి పోయింది. అందుకని రెండో కాన్పుకి డాక్టరమ్మ నాలుగో నెలలోనే ఆ ట్రిపుల్ టెస్ట్ రాసింది.

రక్తం తీశాను. పైన తేరిన సీరం వేరుచేసి, ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టి విశాఖపట్నం పంపాను. దాంతోపాటు ఫారం ఒకటి నింపాలి. పేరు: దమయంతి. వయసు: 24. సెక్స్: ఎఫ్. ఇదంతా నా చేత్తోనే రాశాను. పది రోజులకి రిపోర్టు వచ్చింది. పైన ఆ పేరూ, వయసూ, ఎఫ్ టైపు కొట్టి ఉన్నాయి. మధ్యలో అంకెలు. కింద ‘స్క్రీన్ నెగెటివ్’. అంటే శుభవార్తే, మొదటి బిడ్డకి వచ్చిన లోపం ఈ బిడ్డకి ఉండే అవకాశం తక్కువని.

రిపోర్టుకి ఆమె మొగుడు ధర్మారావు వచ్చాడు. ఆ రోజు ల్యాబు నిండా జనం. కవరు అతని చేతిలో పెట్టి ‘మంచిదేనోయ్, డాక్టరమ్మకి చూపించు’ అన్నాను. అంతే, ఇంకొక్క మాట చెప్పలేదు. కాగితంలో ఏముందో వివరించడానికి రెండు నిమిషాలు పట్టేది. రెండు నిమిషాలు మిగుల్చుకుని నేనేం కోటలు కట్టానో ఇప్పటికీ తెలియదు. అతను డాక్టరమ్మ దగ్గరికి వెళ్లలేదు. దారిలో మోపెడ్ కనిపించింది, కవరు అక్కడ విప్పాడు.

నాలుగు రోజుల తరవాత పొద్దున్నే ముగ్గురూ వచ్చారు: దమయంతి, ధర్మారావు, అతని తల్లి సూరమ్మ. సూరమ్మ చేతిలో ఆర్.ఎం.పి. రాసిన చీటీ ఉంది. హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, బి.టి., సి.టి. ఈ చివరి రెండూ రక్తం ఎంతసేపటికి ఆగుతుంది, ఎంతసేపటికి గడ్డ కడుతుంది అని చూసే పరీక్షలు. కత్తి పెట్టేముందు చేస్తారు. నాలుగున్నర నెలల గర్భిణికి ఇవి రాసిన చీటీని బల్ల మీద బోర్లించాను.

‘ఏం ఆపరేషనమ్మా?’ అన్నాను.

‘ఏటుంది బాబూ, కడుపు కడిగించేయడానికి. ఇచ్ఛాపురం అవతల ఎవులో సేత్తారంట. మద్దినేల బస్సుకి ఎల్లిపోవాల. బేగి తీసీండి’ అంది సూరమ్మ, తలనొప్పికి మాత్ర అడిగినట్టు.

‘ఎందుకు? రిపోర్టు బాగుంది కదా!’

‘ఏటి బాగుంది? కింద నెగెటివ్ అని ఏసినారు. నెగెటివ్ అంతే నేదనే కదా? మగపిల్లడు నేడని. పైన మళ్లీ ఎఫ్ అని ఏసినారు. మా ఆరెంపీ బాబు సదివి సెప్పినారు. ఒకటి కాదు, రెండు గురుతులు.’

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, ఇక్కడ ఒకడు చదివితే ఇంటిల్లిపాదికీ పోయింది. కానీ ఆ ఎఫ్ నేను రాసింది. నా నీలం పెన్నుతో నేను గీసిన అక్షరం విశాఖపట్నం వెళ్లి, అచ్చై తిరిగొచ్చి, ఒక పిల్లని బస్సెక్కిస్తోంది.

దమయంతి అప్పటికే బల్ల మీద చెయ్యి చాపి కూర్చుంది. పైన ఫ్యానుకేసి చూస్తోంది. ‘నీకేం కావాలమ్మా?’ అని అడిగాను.

‘నన్నెవులు అడిగినారు బాబూ’ అంది. ‘ముందర బిడ్డని రెండు దినాలే ఎత్తుకున్నాను. దీన్నైనా ఎత్తుకుందామనుకున్నాను.’

నా ట్రేలో ఆ రోజు ఇవ్వాల్సిన రిపోర్టు ఒకటుంది. సూరమ్మ భర్త అప్పన్నది. ఆయనకి కిడ్నీ జబ్బు, నెలనెలా క్రియాటినిన్ చూపించుకునేవాడు. ఆ కాగితం తీసి అందరికీ వినబడేలా చదివాను. ‘అప్పన్న. వయసు యాభై ఆరు. సెక్స్... ఎమ్! సూరమ్మా, శుభం. మీ ఆయన కడుపులో మగపిల్లాడున్నాడు.’

‘ఏటి?’ అంది సూరమ్మ.

‘ఇదిగో, చూడు. ఎమ్. మీ ఆర్.ఎం.పి. బాబు శాస్త్రం ప్రకారం అప్పన్నకి కొడుకు. ఎన్నో నెలో ఇంటికెళ్లి కనుక్కో. ఏదీ, ఆ సంచీలో నీ సుగరు కాగితం ఉంటుంది, తియ్యి. చూశావా? ఎఫ్. ఈ వయసులో నీకు ఆడపిల్ల! ఇంకేం, కోడలితోపాటు నువ్వూ కడిగించేసుకో, బస్సు ఒకటే కదా.’

బెంచీ మీద జనం గొల్లుమన్నారు. అందరికంటే ముందు నవ్వింది దమయంతి. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ధర్మారావు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ‘అమ్మా, నిజివేనే. నా మలేరియా కాయితం మీద కూడా ఎమ్మే ఉంది’ అన్నాడు. బీకాం ఫస్టియర్ దాకా చదివాడట. ఆ కాలేజీకి నా జోహార్లు.

సూరమ్మ మాత్రం నవ్వలేదు. ‘అయితే ఈ ఎఫ్ కడుపులో పిల్లది కాదా?’

‘కాదమ్మా. నీ కోడలిది. కోడలు ఆడమనిషని రాశాం. అందులో నీకేమైనా అనుమానముందా?’

‘ఎఫ్ కానప్పుడు...’ అని ఆవిడ ఆగింది. పెదాలు కదిపి ఏదో లెక్క వేసుకుంది. తరవాత మొహం విప్పారింది. ‘ఒరే ధర్మా, సంచీ సర్దరా. ఇంటికెల్లిపోదాం’ అంది.

ఆవిడ ఏ లెక్క వేసిందో నాకు తెలుసు. ఎమ్ అని కూడా కాదమ్మా, ఈ పరీక్షకి ఆ సంగతే తెలియదు అని ఆ క్షణంలో చెప్పాలి. నోటిదాకా వచ్చింది. చెబితే ఈవిడ ఇంటికి వెళ్లదు, నేరుగా జీడిపప్పు పళ్లెం దగ్గరికి వెళుతుంది, చేతిలో ఏ పప్పు పడుతుందో ఎవరికి తెలుసు? నోరు మూసుకున్నాను. మూసుకుని, చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

చీటీలో రాసినవేవీ చేయలేదు. గుమ్మం దాటబోతూ దమయంతి వెనక్కి తిరిగింది. ‘బాబూ, మీరు సెప్పింది నిజివేనా?’

‘నిజమే తల్లీ.’

రోజంతా పప్పు ఏరే పిల్ల కదా, నా మొహం కూడా అలాగే ఏరింది. ‘నిజివే. కానీ బద్ద’ అని వెళ్లిపోయింది.

మిగిలిన సగం

ఆ అయిదు నెలలూ దమయంతి వైభోగం చెప్పడానికి లేదు. ఫ్యాక్టరీ పని మాన్పించారు. రోజూ లేత బొండాలు. సూరమ్మ నాకు కూడా పనసకాయ పంపింది. తిన్నాను. గమనించారా, నా తప్పులన్నీ నేను తింటూనే ఉంటాను.

పుట్టింట్లో కాన్పయింది. ఆడపిల్ల. వెన్ను నిక్షేపంగా ఉంది, ఏడుపు ఊరంతా వినిపించిందట. వారం తిరక్కుండానే సూరమ్మ నా గుమ్మంలో నిలబడింది.

‘ఏవయ్యా రత్తం డాట్రూ! మగపిల్లడన్నావు!’

‘నేను అనలేదమ్మా.’

‘ఎఫ్ కాదన్నావా నేదా?’

‘అన్నాను.’

‘ఎఫ్ కాకపోతే ఎమ్ కాక మరేటి? మజ్జిలో ఇంకో అచ్చరం ఉందేటి?’

నిలువునా దొరికిపోయాను. ఇన్నాళ్లూ నేను నవ్వుకున్న మనిషి లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఎమ్, ఎఫ్ అని రెండే ఉన్న లోకంలో ఒకటి కాదంటే రెండోదనే కదా అర్థం. తప్పంతా నేను మింగిన సగంలో ఉంది. తిట్టి, మొహం మీద ఆ రిపోర్టు విసిరేసి పోయింది. పోతే పోయింది, తిట్లకి నేను చచ్చిపోను. కానీ ఆ కోపం నా గుమ్మంతో ఆగలేదు. బారసాలకి ధర్మారావు వెళ్లలేదు. మూడో నెల దాటినా, అయిదో నెల దాటినా తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. ఆ పెద్దమనిషి తల్లి చాటు బిడ్డ, అమ్మ చెప్పందే పెళ్లాం మొహం కూడా చూడడు.

ఆరో నెలలో దమయంతి బిడ్డని చంకనేసుకుని రక్తపరీక్షకి వచ్చింది. హిమోగ్లోబిన్ ఆరు. ఇదేమిటమ్మా అంటే అప్పుడు చెప్పింది.

‘అయిదు నెల్లు కొబ్బరినీల్లు తాగించినారు బాబూ. ఆ నీల్లు నాకు కాదు, మగపిల్లడికి. ఆడు రానేదు కదా, ఇప్పుడు మంచినీల్లు కూడా ఇచ్చినోల్లు నేరు.’

‘నా వల్లే’ అన్నాను.

‘మీ మీద కోపం నేదు’ అంది. ‘ఆ దినం మొత్తం సెప్పుంటే దీన్ని కడిగించేద్దురు. బద్ద సెప్పినారు, ఇది బతికింది. నాను మునిగినాను. అంతే.’ లెక్క తేల్చినట్టు చెప్పి, బిడ్డ మూతి తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. సిగ్గేసింది, మరో మాట లేదు.

ఆ నెల అప్పన్న పరీక్షకి వచ్చాడు. ఆయన మాట్లాడే మనిషి కాదు. చెయ్యి చాపి, సూది దిగాక దూది పట్టుకుని కూర్చునేవాడు. ఆ రోజు మాత్రం దూది పట్టుకునే అడిగాడు. ‘బాబూ, ఆ దినం మీరు ఏటి సెప్పినారు? ఏటి సెప్పనేదు?’

మొత్తం చెప్పాను. ఫారం నింపడం దగ్గర్నుంచి సూరమ్మ మొహం విప్పారడం దాకా, అప్పుడు నాకొచ్చిన ఆలోచన దాకా. తెలియదని చెబితే మీవాళ్లకి అర్థం కాదనుకున్నానని కూడా చెప్పాను.

ఆయన దూది ఎత్తి చూసి మళ్లీ అదిమాడు. తరవాత మెల్లిగా అన్నాడు. ‘తెలీదంతే మా బుర్రకి ఎక్కదనుకున్నారు. ఇన్నేల్లుగా నా కిడ్నీ ఎందుకు పాడయిందని అడుగుతన్నాను. ఎంతమంది డాట్రులు వచ్చినారు, నీల్లట్టుకెల్లినారు, మట్టట్టుకెల్లినారు. అందరూ ఏటన్నారు? తెలీదన్నారు. మా ఊల్లో ఇంటికొకడు దీంతోనే పోతన్నాడు. తెలీదన్న మాట మాకు కొత్తేటి బాబూ? ఆ మాట ఇని కూడా మాము పంట ఏత్తన్నాం, పెల్లిల్లు సేత్తన్నాం. మీరు ఆ ఒక్క మాటా అనలేకపోనారు.’

నా వృత్తిలో నాకు చాలామంది పాఠాలు చెప్పారు. ఇంగ్లీషులో చెప్పారు, బెత్తంతో చెప్పారు. ఇంత సూటిగా చెప్పినవాడు లేడు. పిల్లలూ, మీరు నా దగ్గర్నుంచి ఇంకేమీ నేర్చుకోకపోయినా పర్వాలేదు, ఆ మాట నోటికి అలవాటు చేసుకోండి. సగం తెలిసినవాడు చెప్పే జోస్యాలూ, పూర్తిగా తెలిసినవాడు పెట్టే జీడిపప్పులూ బతికేది మీరు ‘తెలియదు’ అనడానికి సిగ్గుపడినప్పుడే.

అప్పన్న ఇంటికి వెళ్లలేదు. చేతికి దూది అంటించుకునే దమయంతి పుట్టింటికి బస్సెక్కాడు. సాయంత్రానికి కోడల్నీ మనవరాలినీ తీసుకుని తన గుమ్మంలో దిగాడు. సూరమ్మ అడ్డం నిలబడితే ఆయన అన్న మాట తరవాత దమయంతే నాకు చెప్పింది: ‘ఈ గుంట ఈ ఇంట్లో ఉంతాది. నేదంతే రేపట్నుంచి నాను మందులు మింగను. ఎవులు కావాలో సూసుకో.’ సూరమ్మ పక్కకి తప్పుకుంది. మర్నాటి నుంచి పిల్లకి ఆవిడే నలుగు పెట్టిందట. మనుషులు మారతారని మాత్రం నేను అనను. ఎత్తుకున్నాక దించబుద్ధి కాలేదేమో.

ఫారంలో ఒక గడి

తొమ్మిదేళ్లు గడిచాయి. అప్పన్న అప్పటికి బాగా చిక్కిపోయాడు, ఒంటరిగా నడవలేడు. ఒకరోజు పొద్దున్న మనవరాలి భుజం పట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల పేరు లావణ్య. బక్కగా, రెండు జడలతో, కనిపించిన ప్రతి అక్షరాన్నీ గట్టిగా చదువుకుంటూ వచ్చింది. నా గోడ మీద ఉన్న బోర్డులన్నీ అయిపోయాక బల్ల మీది మందు సీసాల మీద పడింది. మూడు రోజులుగా జ్వరమట. తాతకి క్రియాటినిన్, మనవరాలికి మలేరియా పరీక్ష.

ఫారం తీశాను. పేరు: లావణ్య. వయసు: 9. తరవాతి గడి దగ్గర నా పెన్ను ఆగింది. అన్నేళ్లలో ఎన్ని వేలసార్లు నింపానో ఆ గడిని, ఎప్పుడూ ఆగలేదు. ఎఫ్ అని రాశాను.

పిల్ల బల్ల మీదికి వంగి చదివింది. ‘తాతా, ఇక్కడ ఎఫ్ అని ఏసినారు. ఏటిది?’

అప్పన్న పళ్లులేని నోటితో నవ్వాడు. ‘నీకు ఆడపిల్ల పుడతాదంట. నాకు మగపిల్లడు. ఈ బాబు ఎప్పుడో సెప్పేసినాడు.’ ఆ పిల్లకి అర్థం కాలేదు, అయినా తాత నవ్వాడని తనూ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

‘ఎఫ్ అంటే నువ్వు ఆడపిల్లవనమ్మా’ అన్నాను.

కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ చూపులో నాకు వాళ్ల నాయనమ్మ కనిపించింది. ‘పైన లావణ్య అని ఏసినారు కదా. అది సాలదా?’

హిమోగ్లోబిన్ లెక్కలు ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేరుగా ఉంటాయని చెప్పొచ్చు. కానీ ఆ పిల్ల అడిగింది అది కాదు.

‘చాలదమ్మా’ అన్నాను.

‘ఎందుకు సాలదు?’

దూది స్పిరిట్‌లో ముంచాను. అప్పన్న నా మొహంలోకే చూస్తున్నాడు.

‘తెలీదమ్మా’ అన్నాను.

‘సరే అయితే’ అని లావణ్య వేలు చాపింది.